వరద జలాశయంలో ఖాళీ: దైవం, మనిషి, గేటు

హైదరాబాద్‌కు పడమరన ఉన్న ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌లను నగరవాసులు జంట జలాశయాలంటారు. ఉస్మాన్ సాగర్‌కు వాడుక పేరు గండిపేట చెరువు. మూసీ నది మీద కట్టిన ఈ జలాశయం 1920లో పూర్తయింది. మూసీకి ఉపనది అయిన ఈసీ మీద కట్టిన హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. ఒకదానికి ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరు, రెండోదానికి ఆయన పెద్ద కొడుకు హిమాయత్ అలీ ఖాన్ పేరు పెట్టారు. రెండింటి పుట్టుకకూ కారణం 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరద. వరదను ఆపడంతో పాటు నగరానికి తాగునీరివ్వడం వాటి రెండో పని అయింది. కాలక్రమంలో కట్ట మీద గాలికి వచ్చే కుటుంబాలు, సెలవురోజు వనభోజనాలు, పార్కులు, రిసార్టులు చేరి వినోదమనే మూడో పనిని కూడా అప్పగించాయి. ఈ మూడు పనులూ ఒకే నీటి మీద పడ్డప్పుడు పాత తాత్విక ప్రశ్న ఒకటి మళ్లీ లేస్తుంది. వరద దైవికమా, మానుషమా? ఆనకట్ట లేని నది ఒడ్డున ఎవరి నమ్మకాన్ని బట్టి వారు జవాబు చెప్పుకోవచ్చు. గేట్లు బిగించాక, ఎంత నీటిని ఏ గంటకు కిందికి వదలాలో ఒక మనిషి నిర్ణయించే స్థితి వచ్చాక, ఆ ప్రశ్నను నమ్మకానికి వదిలేసి పక్కకు తప్పుకోవడం కుదరదు.

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. అక్కడి అనంతపద్మనాభస్వామి క్షేత్రానికి ముచుకుందుడి కథతో ముడి ఉంది. దేవతల పక్షాన యుద్ధం చేసి అలసి, గుహలో ఏళ్ల తరబడి నిద్రపోయిన ఈ రాజు కళ్లు తెరవగానే కాలయవనుడు భస్మమయ్యాడని, ఆ తర్వాత అతనికి కృష్ణ దర్శనమైందని భాగవత కథ. మూసీకి ముచుకుంద నది అన్న పేరు ఈ రాజు వల్లనే వచ్చిందని స్థలపురాణం చెబుతుంది. నిద్ర లేపితే కాల్చేసే రాజు పేరు, ఏడాదిలో ఎక్కువ రోజులు సన్నగా పారి ఒక్కోసారి ఒడ్లు తెంచుకునే నదికి దక్కడం ఎంతో ఉచితంగా ఉంది. మూసీ, ఈసీ లంగర్‌హౌజ్ దగ్గర కలుస్తాయి. 1948లో గాంధీజీ అస్థికలను నిమజ్జనం చేసింది ఆ సంగమంలోనే. ఇప్పుడది బాపూఘాట్. అక్కడి నుంచి నది నగరం మధ్యగా సాగి, నల్లగొండ ప్రాంతంలోని వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది.

1908 నాటి వానకు లెక్క ఉంది. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వర్షం నమోదైంది. ఒకపక్క నవరాత్రులు, మరోపక్క రంజాన్ ఉపవాసాలు అప్పుడే మొదలైన రోజులవి. 28వ తేదీన మూసీ రెండు ఒడ్లూ దాటి బస్తీల మీద పడింది. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. కుతుబ్‌షాహీల కాలం నాటి పురానాపూల్ ఒక్కటే నిలబడింది. చనిపోయినవాళ్లు సుమారు 15 వేల మంది ఉంటారని అంచనా. నది ఒడ్డునే ఉన్న అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు తర్వాత ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో వరద గుర్తుగా మిగిలింది.

అంతమంది చనిపోయాక జనం కారణాన్ని వెతుకుతారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బ్రాహ్మణుల సలహా మీద నది ఒడ్డుకు వెళ్లి, హారతి పట్టి, చీరె సారె సమర్పించి మూసీని శాంతించమని వేడుకున్నాడన్నది హైదరాబాద్‌లో తరతరాలుగా చెప్పుకునే కథ. ముస్లిం ప్రభువు నదీమతల్లికి చీరె పెట్టడం అక్కడివాళ్లకు వింతగా తోచలేదు సరికదా, రాజధర్మంగానే తోచింది. అదే వరదలో ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకున్నాడు. తాను మాత్రం బతికాడు. ఆ విలయాన్ని చిన్న ఖయామత్‌గా, అంటే లోకాంతానికి నమూనాగా భావిస్తూ ఆయన కవిత రాశాడు. తర్వాత ఆయన రుబాయీలన్నీ సూఫీ చింతనతో నిండిపోయాయి. రాజు నదిని అలిగిన తల్లిగా చూశాడు, కవి దేవుడి తీర్పు తాలూకు తొలి నీడగా చూశాడు. రెండు చూపుల్లోనూ వినయం ఉంది, దుఃఖం ఉంది. మనిషి తన బలాన్ని మించినదాని ముందు నిలబడ్డప్పుడు ఇవి రెండూ నిజమైన స్పందనలే.

మూడో మాట ఒకటి ప్రతి విపత్తు తర్వాతా వినిపిస్తుంది. చనిపోయినవాళ్ల కర్మ అలా ఉందన్న మాట అది. కర్మ సిద్ధాంతానికి ఇంతకంటే అన్యాయమైన ప్రయోగం మరొకటి లేదు. నది ఒడ్డున గుడిసె వేసుకున్నవాడికీ కొండ మీద మేడ కట్టుకున్నవాడికీ మధ్య ఆ రోజు తేడా చూపింది భూమి ఎత్తు మాత్రమే. ఒడ్డున ఉండక తప్పని పేదరికాన్ని పూర్వజన్మ పాపంగా లెక్కగట్టడమంటే, ఒకరి నష్టానికి ఇంకొకరు బాధ్యత వదిలించుకోవడమే. శాస్త్రకారులు కర్మను చెప్పింది ఎవరికి వారు తమ నడతను దిద్దుకోవడానికి. పొరుగువాడి శవం ముందు నిలబడి తీర్పు చెప్పడానికి ఆ సిద్ధాంతాన్ని వాడుకోమని వారెవరూ అనలేదు.

బొంబాయి ప్రభుత్వ కొలువు నుంచి అప్పుడే తప్పుకున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం 1909లో పిలిపించింది. నగరాన్ని తిరిగి కట్టడానికీ, మళ్లీ వరద రాకుండా చూడడానికీ ఆయన పథకాలు వేశాడు. ఆయన పరిశీలనలో తేలిన ఒక విషయం దైవికమా మానుషమా అన్న చర్చ మొత్తాన్నీ మార్చేస్తుంది. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుండగా వాటిలో 221 ఆ వానకు తెగిపోయాయి. పైచెరువు కట్ట తెగితే ఆ నీరు కిందిచెరువు మీద పడుతుంది, అది తెగి దాని కిందిదాని మీద పడుతుంది. గొలుసుకట్టు చెరువుల్లో ఏళ్ల తరబడి పొలాలను తడిపిన నీరే ఒక్కసారిగా నగరం మీదికి వచ్చింది. వాన ఆకాశం నుంచే పడింది. అయితే ఆ వరదలో కొంత భాగం మనుషులు కట్టి, మనుషులు మరమ్మతు చేయాల్సిన కట్టల వెనక నుంచి వచ్చింది. అంటే దైవికానికీ మానుషానికీ మధ్య గీత వరద బయట ఎక్కడో ఉండదు, వరద లోపలి నుంచే పోతుంది.

ఈ గీతను భారతీయ చింతన ఎప్పుడో గుర్తించింది. కౌటిల్యుడి అర్థశాస్త్రం దేశానికి వచ్చే దైవికమైన ఆపదలు ఎనిమిదింటిని చెబుతుంది. అగ్ని తర్వాత రెండోది వరద. దైవికమని పేరు పెట్టి ఊరుకోలేదు. వానాకాలంలో ఒడ్డు గ్రామాలవాళ్లు ముంపు దాకా ఆగకుండా ఎత్తుకు వెళ్లాలని, కట్టెలు, వెదుళ్లు, పడవలు సిద్ధంగా ఉంచుకోవాలని చెప్పింది. కొట్టుకుపోతున్నవాడిని సొరకాయ బుర్రలతో, తోలుతిత్తులతో, దోనెలతో కాపాడాలని, కాపాడడానికి వెళ్లనివాడికి 12 పణాల జరిమానా వేయాలని కూడా చెప్పింది. పడవ లేనివాడికి మాత్రం ఆ జరిమానా లేదు. ఆ వరుసలోనే పర్వదినాల్లో నదీపూజలు చేయాలన్న మాట కూడా ఉంది. పూజ, పడవ ఒకే పేజీలో ఉన్నాయి. ఒకటి ఉంది కదా అని రెండోదాన్ని మానేయమని కౌటిల్యుడు ఎక్కడా అనలేదు.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలోని విశ్లేషణ ఇంకా సూక్ష్మమైనది. ఏ పని జరగడానికైనా ఐదు కారణాలని అక్కడ చెప్పారు. అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదోదిగా దైవం. ఈ చూపుతో జలాశయాన్ని చూస్తే చాలా విషయాలు విడివిడిగా కనిపిస్తాయి. పరీవాహక ప్రాంతం, అక్కడి వాలు, ఆక్రమణలకు గురైన వాగులు అధిష్ఠానం. గేట్లు, గేట్లెత్తే యంత్రాలు, వర్షమాపకాలు, సైరన్లు కరణాలు. రెండు గేట్లు ఒక అడుగు లేపడం, నాలుగు గేట్లు మూడడుగులు లేపడం చేష్టలు. ఆ నిర్ణయం తీసుకునే ఇంజనీరు, అతనికి నియమాలు రాసిచ్చిన ప్రభుత్వం, ఆ ప్రభుత్వాన్ని ఎన్నుకున్న నగరం అందరూ కర్త స్థానంలోకి వస్తారు. వాన మాత్రం దైవం. గీత దైవాన్ని లెక్కలోంచి తీసెయ్యలేదు. దాన్ని ఐదో స్థానంలో పెట్టింది. తక్కిన నాలుగింటినీ చక్కబెట్టకుండా ఐదోదాని మీద నేరం మోపేవాడిని చూపు సరిగా లేనివాడిగానే ఆ శ్లోకాల తర్వాతి భాగం పరిగణిస్తుందని అర్థం చేసుకోవచ్చు, ఎందుకంటే తానొక్కడే కర్తననుకోవడం ఎంత పొరపాటో తనకేమీ సంబంధం లేదనుకోవడమూ అంతే పొరపాటు.

వరద జలాశయం పనిచేసే తీరులోనే ఒక విచిత్రం ఉంది. సాగునీటి చెరువుకు నిండుదనమే విలువ. వరదను ఆపే జలాశయానికి విలువ ఖాళీలో ఉంటుంది. పై నుంచి గంటకు గంటకు పెరుగుతూ వచ్చే నీటిని లోపల పట్టి, నది భరించగలిగినంతే కిందికి వదలాలంటే, వాన రాకముందే లోపల చోటుండాలి. ఉస్మాన్ సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 1790 అడుగులు, హిమాయత్ సాగర్‌ది 1763.5 అడుగులు. నీరు ఆ గీత దగ్గరే నిలిచి ఉన్నప్పుడు పెద్ద వాన పడితే, వచ్చింది వచ్చినట్టే కిందికి పంపడం తప్ప జలాశయం చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. అప్పుడది వరదను ఆపే కట్ట అనిపించుకోదు, నది మధ్యలో మరో మలుపు మాత్రమే అవుతుంది. గట్టు మీది జలమండలి సిబ్బంది సెప్టెంబర్‌లో రోజంతా చూసే అంకెలు మూడు: మట్టం ఎంత, ఇన్‌ఫ్లో ఎన్ని క్యూసెక్కులు, ఔట్‌ఫ్లో ఎన్ని క్యూసెక్కులు. మూడో అంకె మారగానే చాదర్‌ఘాట్, మూసానగర్ వీధుల్లో మైకులు మోగుతాయి, నది మీది లోతట్టు వంతెనల మీద రాకపోకలు ఆగిపోతాయి.

నీటిని ఆపడం మంచిదా చెడ్డదా అన్న విషయంలో ప్రాచీన గాథలు రెండు వేరు వేరు చిత్రాలు చూపిస్తాయి. ఋగ్వేదంలో నీళ్లను బంధించినవాడు వృత్రుడు, వాడిని చంపి నదులను వదిలినవాడు ఇంద్రుడు. అక్కడ ఆపడం రాక్షసకృత్యం. గంగావతరణంలో కథ మరోలా ఉంది. ఆకాశం నుంచి దూకే గంగ వేగానికి భూమి తట్టుకోలేదు కనుక భగీరథుడు శివుణ్ణి వేడుకుంటాడు. శివుడు ఆమెను జటాజూటంలో పట్టి, మెల్లగా వదులుతాడు. అక్కడ ఆపడమే కరుణ. ఈ రెండు కథల మధ్య తేడా ఆపడంలో లేదు, ఆ తర్వాత ఏం జరిగిందన్నదానిలో ఉంది. వృత్రుడు నీటిని తనకోసం ఉంచుకున్నాడు. శివుడు కింద ఉన్నవాళ్ల కోసం పట్టి, వాళ్లు తట్టుకోగలిగినంత మేరకే వదిలాడు. ఏ వరద జలాశయానికైనా ఇంతకంటే స్పష్టమైన నిర్వహణ సూత్రం ఇంజనీర్లు కూడా రాయలేరు. నీటిని పట్టే శక్తి, వదిలే వివేకం, రెంటి మధ్య ఉన్న ఖాళీయే జటాజూటం.

తెలుగువాళ్ల ధార్మిక సంప్రదాయం మాత్రం ఎక్కువగా నిండిన చెరువు చుట్టూ అల్లుకున్నది. తటాకం తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటి. కొడుకుతో, దేవాలయంతో, ప్రబంధంతో సమానమైన పుణ్యం అది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన శాసనం, మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలనూ చెరువును చెడగొట్టే ఆరు దోషాలనూ వివరంగా చెబుతుంది. దాన్ని కట్టడానికి రోజూ వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేశాయని కూడా అందులో ఉంది. తెలంగాణలో ప్రతి చెరువు గట్టు మీదా కట్టమైసమ్మ ఉంటుంది. చెరువు నిండి అలుగు పారిన రోజున ఆమెకు బోనం, కోడి, పసుపుకుంకుమలు తప్పవు. గట్టును కాపాడేది ఆ తల్లేనన్నది భక్తి. ఆ భక్తి లోపల ఒక ఆచరణ కూడా ఉంది. పూజకు వెళ్లిన రైతు గట్టు మీద నడుస్తాడు, ఎక్కడ నెర్రె పడిందో, ఎక్కడ ఎలుక బొరియ ఉందో, తూము ఎక్కడ కారుతోందో చూస్తాడు. దేవతను దర్శించడం, కట్టను పరీక్షించడం ఒకే నడకలో అయిపోతాయి. అయితే ఈ సంప్రదాయంలో చెరువు నిండడమే పండగ. సగం ఖాళీగా ఉంచిన చెరువుకు పండగ లేదు. వరద జలాశయం ఈ అలవాటుకు ఎదురెళ్లి, కనబడని మేలును గౌరవించమని అడుగుతోంది. సెప్టెంబర్‌లో అడుగులు తక్కువగా ఉన్న గండిపేటను చూసి నిట్టూర్చే నగరానికి, ఆ ఖాళీ వల్లే తమ ఇళ్లు మునగకుండా ఉన్నాయన్న సంగతి నేర్పడం కష్టం.

వినోదం ఈ కష్టాన్ని ఇంకా పెంచుతుంది. గండిపేటలో నిజాం కాలంలోనే కట్ట ఎగువన సాగర్ మహల్ అనే విడిది వెలిసింది. ఇప్పుడు గట్టు పక్కన పార్కులున్నాయి, ఆదివారాలు కుటుంబాలు టిఫిన్ డబ్బాలతో వస్తాయి. సమీపంలోనే చిలుకూరు బాలాజీ గుడి. విదేశీ వీసా కోసం మొక్కుకుని పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరాక నూటెనిమిది ప్రదక్షిణలు చేసే తెలుగు యువత, గుడి నుంచి నేరుగా నీటి ఒడ్డుకు వెళ్లడం మామూలు. నీటి పక్కన సంతోషపడడం తప్పు కానే కాదు. బతుకమ్మను నీటిలో వదిలే ఆడవాళ్ల పాటలోనూ, తెప్పోత్సవంలో దేవుడిని కోనేట్లో తిప్పే వేడుకలోనూ ఆ సంతోషమే భక్తిగా మారింది. సమస్య ఆ సంతోషం కోరేదానితో వస్తుంది. పడవ నిండు నీటినే కోరుతుంది, ఫొటోకు నిండు నీరే కావాలి, విల్లా అమ్మేవాడి బ్రోచర్‌కూ నిండు నీరే కావాలి. మట్టం తగ్గితే బయటపడే బురదను ఎవరూ చూడడానికి రారు. ఆ బురద మీదే, అంటే చెరువు శిఖం భూముల్లోనే, గోడలు లేస్తాయి. వాన లేని ఏడాదుల్లో ఆ గోడలకు లైసెన్సులు కూడా దొరుకుతాయి. నీటి అంచు దగ్గర ఉండాలన్న కోరికే నీటికి చోటు లేకుండా చేస్తుంది.

ఇస్లామీయ ధర్మంలో నీరు అందరి ఉమ్మడి హక్కు. నీరు, పచ్చిక, నిప్పు ఈ మూడింటిలో మనుషులంతా భాగస్వాములని ప్రవక్త బోధగా హదీసులు చెబుతాయి. దక్కన్‌లో అమానత్ అన్న భావన దీనికి దగ్గరగా ఉంటుంది. ఒకరు నమ్మి అప్పగించినదాన్ని తనదనుకోకుండా కాపాడడం. ఈ దృష్టిలో జలాశయంలోని ఖాళీ ఎవరి సొత్తు? ఎగువన విల్లా కొన్నవాడిది కాదు, పార్కు టికెట్టు కొన్నవాడిది కూడా కాదు. అది దిగువన ఉన్నవాళ్ల అమానత్. తాము ఆ ఖాళీని ఎప్పుడూ చూడని, దాని పేరు కూడా వినని మనుషుల కోసం పట్టి ఉంచిన స్థలం. అందుకే దాన్ని ఆక్రమించడం మామూలు భూకబ్జా కంటే పెద్ద అపరాధం. కబ్జాలో నష్టపోయినవాడికి తన భూమి పోయిందని తెలుస్తుంది. ఇక్కడ నష్టపోయేవాడికి వరద వచ్చేదాకా తెలియదు.

రాజ్యం ఈ అమానత్‌ను కొంతకాలం గుర్తించింది. 1996లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో 111 జంట జలాశయాలకు పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. ఆ పరిధిలో ఒక నూనెల పరిశ్రమ విషయంలో సుప్రీంకోర్టు 1999లో, తిరిగి 2000లో ఇచ్చిన తీర్పులు ముందుజాగ్రత్త సూత్రాన్ని గట్టిగా నిలబెట్టాయి. హాని జరగదని నిరూపించాల్సింది హాని చేయగలిగినవాడేనన్నది ఆ సూత్రం. తాత్వికంగా చూస్తే నేరం జరిగాక శిక్షించే ధర్మం కంటే ఇది చాలా ముందున్న ధర్మం. 2022లో తెలంగాణ ప్రభుత్వం జీవో 69తో ఆ ఆంక్షలను ఎత్తేసింది. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి కాబట్టి జంట జలాశయాల మీద ఆధారం తగ్గిందన్నది చెప్పిన కారణం. తాగునీటికి సంబంధించినంతవరకు ఆ వాదనలో బలం ఉంది. వరద విషయంలో అది నిలవదు. కృష్ణా నీరు పైపుల్లో రావడం వల్ల ఈసీ వరద తగ్గిపోదు.

వరద ఎవరి తప్పన్న ప్రశ్న న్యాయస్థానాలకు కూడా వెళ్లింది, అందులో ఒక కేసు తెలుగు నేల మీద నుంచే పోయింది. ఇప్పటి చిత్తూరు జిల్లా కార్వేటినగరం జమీందారు చెరువుల కట్టలు తెగి మద్రాసు రైల్వే కంపెనీ రైలుమార్గం పాడైనప్పుడు, కంపెనీ నష్టపరిహారం కోరింది. తన భూమిలో ప్రమాదకరమైనదాన్ని పోగుచేసినవాడే దాని హానికి బాధ్యుడన్న సూత్రాన్ని ఇంగ్లండ్ ప్రభువుల సభ ఒక జలాశయం కేసులోనే 1868లో స్థిరపరిచింది. అయినా 1874లో ప్రివీ కౌన్సిల్ జమీందారు పక్షాన తీర్పు చెప్పింది. ఆ చెరువులు అతను సరదాకు కట్టుకున్నవి కావు, అనాదిగా రైతుల కోసం ఉన్నవి, వాటిని కాపాడడం అతని విధి, వాటిని పూడ్చేసే హక్కు కూడా అతనికి లేదని కారణం చెప్పింది. రెండేళ్ల తర్వాత 1876లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ముందుకు ఇంకో కేసు వచ్చింది. ఒక ఎస్టేట్‌లో వాగుకు అడ్డుకట్టలు వేసి, అందం కోసం చేసుకున్న కొలనులు అసాధారణమైన వానకు తెగి, కింది వంతెనలు కొట్టుకుపోయాయి. అది దైవకృత్యమని, యజమాని బాధ్యుడు కాడని కోర్టు చెప్పింది. రెండు తీర్పుల్లోనూ కట్టల యజమానులే గెలిచారు, కానీ కారణాలు పూర్తిగా వేరు. మొదటిది బాధ్యత ఎవరి కోసం మోశావని అడిగింది. రెండోది వాన ఎంత పెద్దదని మాత్రమే అడిగింది. గేట్లున్న జలాశయం విషయంలో మొదటి ప్రశ్నే సరైనది. వాన కొలతను దాటిందన్న మాట, గేటు దగ్గర ఏం చేశారన్న ప్రశ్నకు జవాబు కాదు.

ఆ ప్రశ్నకు మరో జవాబుంది. నిర్ణయాన్ని మనిషి చేతిలోంచి తీసేయడం. విశ్వేశ్వరయ్య తాను రూపొందించిన స్వయంచాలక గేట్లను 1903లో పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో అమర్చాడు. నీరు ఒక మట్టం దాటగానే అవి వాటంతటవే తెరుచుకుంటాయి. ఎవరూ భయపడి ముందే ఎత్తలేరు, ఎవరూ ఒత్తిడికి లొంగి ఆలస్యం చేయలేరు. నిబంధన రాసే చోట ఆలోచన ఉంటే చాలు, గేటు దగ్గర ధైర్యం అవసరం లేదన్నమాట. ఇందులో ఒక గొప్ప మేలుంది. అయినా యంత్రానికి వాన ఎక్కడ పడబోతోందో తెలియదు, కింద ఎవరు నిద్రపోతున్నారో కూడా తెలియదు. మట్టం దాటాక తెరిచే గేటుకు, మట్టం చేరకముందే వాతావరణ శాఖ హెచ్చరిక చూసి ఖాళీ చేసే ఇంజనీరుకు మధ్య ఉన్న దూరమే ధర్మానికి చోటు. హెచ్చరిక తప్పయితే నిండాల్సిన నీటిని వృథాగా వదిలేశాడన్న నింద ఇంజనీరు మీద పడుతుంది. హెచ్చరిక నిజమైతే, మునగకుండా ఉన్న బస్తీకి తాను మునిగేదాన్నన్న సంగతే తెలియదు. కనబడే తప్పుకు నింద, కనబడని మేలుకు మౌనం దక్కే ఉద్యోగం అది. ఈ ఉద్యోగికి సమాజం ఇచ్చే ధైర్యం సరిపోవడం లేదు.

దాదాపు శతాబ్దంగా జంట జలాశయాలు నగరాన్ని 1908 లాంటి మరో విపత్తు నుంచి కాపాడాయి. ఆ రక్షణే ఒక ప్రమాదాన్ని పెంచింది. నది పొంగడం మరచిపోయిన నగరం నదిలోకే దిగింది. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ మూసీ మధ్యలోనే ఉంది. చాదర్‌ఘాట్ చుట్టూ నది గర్భంలో వేల ఇళ్లు వెలిశాయి, వాటిలో ఉండేవాళ్లలో ఎక్కువమంది రోజుకూలీలు, ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు. 2020 అక్టోబర్‌లో హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తినప్పుడు, 2025 సెప్టెంబర్ చివర్లో రెండు జలాశయాల నుంచీ నీరు వదిలినప్పుడు, ముందు మునిగింది వాళ్ల వీధులే; రెండోసారి ఆ బస్ స్టేషన్ కూడా మునిగింది. 2020లో ప్రాణనష్టంలో ఎక్కువ భాగం మాత్రం పెద్ద జలాశయాల వల్ల కాక, నగరం లోపలి చిన్న చెరువుల కట్టలు తెగడం వల్ల, వాగులు పూడ్చిన చోట నీరు ఇళ్లలోకి రావడం వల్ల జరిగింది. పల్లెచెరువు, గుర్రంచెరువు తెగిన తీరు 1908 నాటి 221 చెరువుల కథకు కొనసాగింపే. గండిపేట, హిమాయత్ సాగర్ ఎగువ నుంచి వచ్చే నీటినే ఆపగలవు. నగరం మీదే పడే వానను ఆపాల్సింది ఆ చిన్న చెరువులు, వాటి మీదే నగరం ఎక్కువగా ఇళ్లు కట్టింది.

2025లో గోదావరి నీటిని మల్లన్నసాగర్ నుంచి తెచ్చి, నగరానికి తాగునీరివ్వడంతో పాటు జంట జలాశయాలను నింపి, మూసీలో ఏడాది పొడవునా స్వచ్ఛమైన నీరు పారేలా చేయాలన్న పథకానికి ప్రభుత్వం శంకుస్థాపన చేసింది. మూసీకి మళ్లీ జీవం పోయాలన్న కోరిక మంచిదే. మురికి కాల్వగా మారిన నదికి హారతి పట్టడం కంటే అందులోకి మంచినీరు తేవడం మేలైన ఆరాధన. అయితే బయటి నుంచి నీరు వచ్చినప్పుడల్లా జలాశయాలు ఎప్పుడూ నిండుగా ఉండాలన్న ఒత్తిడి పెరుగుతుంది. పర్యాటకానికీ నదీతీర సుందరీకరణకూ ఆ నిండుదనం బాగుంటుంది, సెప్టెంబర్ వానకు బాగుండదు. కాబట్టి గోదావరి నీరు చేరకముందే ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో రెండు జలాశయాల్లోనూ ఎన్ని అడుగులు ఖాళీగా ఉంచాలో రాతపూర్వకంగా నిర్ణయించాలి. ఆ అంకెను మట్టం, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లోలతో పాటు నాలుగో అంకెగా రోజూ ప్రకటించాలి. దిగువ బస్తీల ప్రతినిధులు ఆ నిర్ణయంలో పాలుపంచుకోవాలి, ఎందుకంటే ఆ ఖాళీ వాళ్లది.